వంకర తాత కట్టిన రాళ్లు

తుమ్మల తోపులోకి వంకర తాత అడుగు పెట్టకుండా చేసిన అర్జీ రాసింది నేనే. అప్పుడు నాకు పదిహేడేళ్లు. చెట్ల మీద రెండు పుస్తకాలు చదివి, లోకమంతా నాకే తెలిసినట్టు తిరిగేవాణ్ణి. కొమ్మలకు రాళ్లు వేలాడదీసి చెట్లను హింసిస్తున్నాడని రాశాను. ఆయన మా అమ్మకు చిన్నాన్న అవుతాడన్న సంగతి కూడా అడ్డురాలేదు. తోపును కాపాడే సంఘం వాళ్లు తాళ్లు కోసేసి, కంచె వేసి, గేటుకు తాళం పెట్టారు. సంఘం పెద్ద ఆ తాళం పక్కన నిలబడి ఫొటో కూడా దిగాడు.

తాత పని గొడ్డళ్లకూ బాడిసలకూ కర్ర కామలు, అంటే పిడులు, చెయ్యడం. తిన్నని కర్రను చెక్కి వంపు తెస్తే ఆ కామ ఏడాదికే విరుగుతుంది. చెట్టు మీదే వంగి పెరిగింది విరగదు. అందుకే లేత కొమ్మకు రాయి కట్టి నాలుగేళ్లు ఆగేవాడు. వంకర తాత అన్న పేరు అలా వచ్చింది. చెట్టుకు ఒక్క కొమ్మే కోసేవాడు, కోసినచోట బంకమట్టి మెత్తేవాడు. ఏ కొమ్మ కామ ఎవరికో, ఆ రాయి వాళ్ల పేరున ఉండేది. ఇది వడ్రంగిది, అది పాలావిడది. తన కొమ్మ ఎంత వంగిందో చూసుకోవడానికి వచ్చిన మనిషి, పక్క చెట్టు మీద కత్తి పడితే ఊరుకునేవాడు కాదు. ఈ సంగతి నేను చదివిన పుస్తకాల్లో లేదు.

తాళం పడ్డాక తాత వరండాలో కూర్చుని, కర్ర కామలకు బదులు వాడే ఇనపగొట్టాలకు రబ్బరు తొడిగేవాడు.

"గొట్టానికి చొక్కా తొడుగుతున్నావా?" అని తాత భార్య, మా అవ్వ, ఎగతాళి చేసేది.

"చొక్కా కాదే, మేజోళ్లు," అనేవాడు తలెత్తకుండా.

ఆరేళ్లలో తోపు సగమైంది. వంటచెరకు కోసం కంచె దూరి నరుక్కుపోయారు. ఏ కొమ్మా తమది కానప్పుడు ఎవరికి పట్టింది? చివరికి సంఘం పెద్ద తాత గుమ్మం తొక్కాడు. నేనూ వెనకే వెళ్లాను.

"బాబాయ్, తాళంచెవి నీ దగ్గరే ఉంచుకో. మళ్లీ రాళ్లు కట్టు."

"ఇప్పుడు చెట్లకి నొప్పి పుట్టదా?"

సంఘం పెద్ద జేబులోంచి తాళంచెవి తీసి తాత ముందు పెట్టాడు. ఆ అర్జీ రాసింది నేనేనని అప్పుడు చెప్పేశాను.

"తెలుసులేరా," అన్నాడు తాత. "ఆ కోడిగీతలు ఇంకెవరివి?"

తాళంచెవి తీసుకుని మొలలో దోపుకున్నాడు.

మేం చివరిసారి కలిసింది ఆ మర్నాడు పొద్దున, తోపులోనే. ఆయనకు డెబ్బై ఎనిమిది. కొమ్మనైతే చూడగానే ఎంచుకున్నాడు గానీ, వేళ్లు వణికి ముడి పడలేదు. ఈ రాయి ఎవరి పేరున అని అడిగాను.

"నీ పేరునే. అర్జీ రాసిన చెయ్యి ఏదీ? దాంతో పట్టు తాడు. మరీ బిగించకు, బెరడు తెగుతుంది. నాలుగేళ్లూ నువ్వే వచ్చి చూసుకోవాలి మనవడా. అప్పటికి నాకు వేరేచోట పనుంటుంది."