నైలు నది గట్టున ఐదెకరాలు

గున్నేశ్వరరావు గారు కాలువ పక్క ఐదెకరాలూ అమ్మేశారన్నది శుద్ధ అబద్ధం. ఆ మాట పెనుగొండ అమ్మవారి గుడి మెట్ల దగ్గర ఐదెకరాలుగా బయల్దేరి, ప్రసాదం చేతికొచ్చే వేళకి పదెకరాలై, ఆటో దిగి వీధిలోకి వచ్చేసరికి ఇత్తడి సామాను కొట్టుని కూడా కలిపేసుకుంది. మన వీధిలో మాటకి కాళ్ళొస్తే చాలు, చేతులూ తోకా దారిలో అవే మొలుస్తాయి.

అసలు సంగతి ఇది. గున్నేశ్వరరావు గారికి బజార్లో ఇత్తడి సామాను కొట్టుంది. బిందె కావాలని వెళ్తే దాన్ని వేలితో ఒకసారి మోగించి మన చేతికిస్తారు, అంతే. నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయన్నంత పొదుపు. చిన్నప్పుడు వాళ్ళ నాన్నగారు గవ్వలు కూడా ముట్టుకోనిచ్చేవారు కాదట. ఆటంటే కొట్టుకి తాళమేనని ఆయన నమ్మకం. పాపం, అష్టాచెమ్మా కూడా ఎరగకుండానే ఈయనకి అరవై దగ్గరపడ్డాయి.

అలాంటి మనిషికి కూతురు శ్రీదివ్య ఒక పెట్టె తెచ్చిచ్చింది. వేల ఏళ్ళనాటి ఈజిప్టు దేశం మీద అల్లిన ఆట. అట్ట పరిస్తే భోజనాల బల్ల చాల్లేదు. మధ్యలో నైలు నది, ఇటూ అటూ కాలువలు, చేలు, గుళ్ళు, పిరమిడ్లు, గుప్పెళ్ళకొద్దీ రంగు బిళ్ళలు. రూల్సు పుస్తకం పంచాంగమంత. మొదటి ఆదివారం కూతురు చదివి చెప్పింది. రెండో ఆదివారానికి ఆయనే కూతురి తప్పులు దిద్దుతున్నారు. కొట్లో అంత పొదుపు చేసిన మాటలన్నీ ఆట ముందు కూర్చునేసరికి గట్లు తెంచుకున్నాయి. ఒకరోజు ఊపులో, "కాలువ పక్క ఐదెకరాలూ ఇచ్చేస్తున్నా, తీసుకో! నాకా గుడి చాలు!" అని కిటికీలు అదిరేలా అరిచారు. ఎదురింటి అరుగు మీద పేపరు చదువుకుంటున్న అప్పాజీ గారి చెవిన పడింది ఆ ముక్కే. దాన్ని ఆయన మర్నాడు గుడి మెట్ల దగ్గర వదిలారు.

విన్నవాళ్ళంతా బుగ్గలు నొక్కుకుని ఊరుకున్నారు గానీ, గుండె గుభేలుమన్నది పెద్దిరాజుకి. ఆ ఐదెకరాలూ కౌలుకి చేస్తున్నది అతనే. సార్వా నారుమళ్ళకి విత్తనాలు నానబెట్టే రోజులు. చేను చేతులు మారితే కొత్త ఆసామి కౌలుకిస్తాడో ఇవ్వడో. ఇంకో చేను వెతుక్కుందామంటే అదను దాటిపోతోంది. అడిగేస్తే సరిపోతుందని ఆదివారం పొద్దున్నే ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు.

గుమ్మంలోనే రమాదేవి గారి గొంతు వినిపించింది. మొగుణ్ణే అంటోంది ఆవిడ.

"మీ ఎద్దుని నేను తోలుకుపోయాను. ఇప్పుడేడవండి!"

"అన్యాయం రమా! రాజుగారి సమాధికి రాళ్ళెవరు లాగుతారు?"

చెప్పులు విడవాలో, వాటితోనే వెనక్కి పరిగెత్తాలో తెలియక పెద్దిరాజు నిలబడిపోయాడు. గున్నేశ్వరరావు గారు చూడనే చూశారు.

"రావయ్యా! నాలుగో మనిషి లేక ఆట కుంటుతోంది. కూర్చో."

"అది కాదండీ షావుకారు గారూ, మన చేను..."

"చేలే, చేలే! ఏది కావాలో ఏరుకో!"

శ్రీదివ్య అతని దోసిట్లో పచ్చ బిళ్ళలు పోసింది. "ఏటా నది పొంగుతుందండి. అప్పుడూ..." అంటూ ఆ పిల్ల ఇంకా చెబుతూనే ఉంది, పెద్దిరాజు చెవులు అక్కడితో మూసుకుపోయాయి. నది పొంగుతుందన్నాక గోదావరి మనిషికి ఇంక చెప్పాల్సిందేముంది? అట్టంతా గాలించి, నీళ్ళందని మెరక చేలన్నీ ఊడ్చేసుకున్నాడు.

"అక్కడొద్దయ్యా, పల్లంలో తీసుకో" అన్నారు గున్నేశ్వరరావు గారు.

"ఆయ్, నన్ను ముంచేద్దామనే! మునిగే చేను ఎవడైనా తీసుకుంటాడాండీ?"

నది పొంగింది. శ్రీదివ్య పల్లపు చేలన్నిటి మీదా నీలం బిళ్ళలు పేర్చింది. "పోయిందండీ, మీ పంటంతా పోయింది!" అని పెద్దిరాజు తొడ చరిచాడు. రమాదేవి గారు అతని వంక జాలిగా చూసి, మునిగిన ఒక్కో చేనుకీ రెండేసి ధాన్యం బస్తాలు తన ముందుకి లాక్కుంది.

"అదేంటండీ అమ్మగారూ! మునిగిపోయిందిగా!"

"మునిగితేనేనయ్యా ఇక్కడ పండేది. ఒండ్రు పడుతుంది. తడవని చేను ఎండిపోతుంది."

"మరి నాయి?"

"ఎండిపోయాయి."

"ఇదెక్కడి దేశవండీ బాబూ! మనం నెత్తీనోరూ కొట్టుకునే దానికి ఈళ్ళు పండగ చేసుకుంటారా!"

తండ్రీకూతుళ్ళు పొట్టలు పట్టుకున్నారు. పెద్దిరాజుకి రోషం వచ్చింది. మెరకంతా వదిలించుకుని, నదిలో కాళ్ళు పెట్టినంత పల్లంలో చేలు పట్టాడు. మళ్ళీ పొంగే వేళకి కుర్చీలోంచి లేచి నిలబడి రెండు చేతులూ జోడించి, "ముంచెయ్ తల్లీ! గట్టూ పుట్టా లేకుండా మొత్తం ముంచెయ్!" అని కేకపెట్టాడు. ఎదురరుగు మీద అప్పాజీ గారి పేపరు చప్పున మడతపడింది.

బస్తాలు వచ్చిపడ్డాయి. ఆ సంబరంలో రమాదేవి గారిచ్చిన కాఫీ సగం తాగాకగానీ వచ్చిన పని గుర్తుకు రాలేదు. గ్లాసు కింద పెట్టేశాడు. మొహం చిన్నబోయింది.

"షావుకారు గారండీ, దాచకుండా చెప్పండి. కాలువ పక్క మన ఐదెకరాలూ అమ్మేశారంట, నిజవేనాండీ? నేను విత్తనాలు నానబెట్టుకోనా, మానెయ్యనా?"

గున్నేశ్వరరావు గారి చెయ్యి బిళ్ళతో సహా గాలిలో ఆగిపోయింది. మీసాల కింద నవ్వు మొదలై భుజాలదాకా పాకింది.

"నేను అమ్మింది ఈజిప్టులోదయ్యా! మన చేను నీదే, వెళ్ళి శుభ్రంగా నానబెట్టుకో. ఆగాగు, ఎక్కడికి లేస్తావు? నీ వంతు ఆడేసి వెళ్ళు!"