చేతికివ్వని మిరపకాయలు

తెనాలిలో మేం అద్దెకున్న రోజుల్లో ఇల్లుగలావిడ డాబా మీద పాత పెయింటు డబ్బాల్లో మిరప మొక్కలు పెంచేది. అడిగితే కాయలు కోసేది గానీ ఎప్పుడూ చేతికిచ్చేది కాదు. పిట్టగోడ మీద పెట్టి, "తీసుకోమ్మా. మిరపకాయలు చేతికిస్తే పోట్లాటలొస్తాయి" అనేది.

వాళ్లింట్లో మాత్రం పోట్లాట రోజూ ఉండేది. పచ్చట్లో కారం చాల్లేదని వాళ్లాయన కంచం నెట్టేవాడు. "ఈ మనిషితో వేగలేకపోతున్నానమ్మా" అని ఆవిడ నా దగ్గర విసుక్కునేది.

కడుపు ఆపరేషన్ అయ్యాక డాక్టరు ఆయన్ని కారం ముట్టొద్దన్నాడు. అప్పట్నుంచి ఆయన ఏం పెడితే అది తిని, మాట్లాడకుండా లేచి వెళ్లిపోయేవాడు. పోట్లాడి అలిసిపోయిన రోజుల్లో కూడా ఆవిడ అంత నీరసంగా కనబడలేదు. కాయలు మొక్కలకే పండిపోతున్నా కోసేది కాదు.

ఒక సాయంత్రం నేను డాబా మీద ఆరిన బట్టలు తీస్తున్నాను. ఆవిడ గుప్పెడు పండుమిరపకాయలు కోసి, కుర్చీలో కూర్చున్న ఆయన దగ్గరికి వెళ్లింది. వాటిని తిన్నగా ఆయన అరచేతిలో పోసి, ఏమంటాడోనని ఎదురుగా నిలబడింది.

ఆయన కాయల వైపు చూసి, "ఎక్కడ పెట్టమంటావు?" అన్నాడు.

ఆవిడ పిట్టగోడ చూపించింది.