బోణీ కాకుండా బండెక్కని పోచమ్మ

గోపన్‌పల్లి పోచమ్మ ఎడమచేత్తో రైలును ఆపింది. కుడిచెయ్యి ఖాళీగా లేదు, నెత్తిమీది గంపను పట్టుకొని ఉంది. లేకుంటే ఇంజనును నాలుగడుగులు వెనక్కి కూడా నెట్టేదే. ఆమె వేసిన కేకకు పొగగొట్టంలోంచి బయటికొచ్చిన పొగ భయపడి మళ్లీ గొట్టంలోకే దూరింది. అంతటితో ఊరుకున్నదా? లోకంలో అందరూ రైలువాళ్లకు పైసలిచ్చి బండెక్కుతారు. రైలువాళ్ల చేతే ముందుగా పైసలు ఇప్పించుకొని ఎక్కిన మనిషి పోచమ్మ ఒక్కతే. దీన్ని నమ్మనివాళ్లు ఎక్కువ చదువుకున్నవాళ్లయి ఉంటారు. నేను ఏడో తరగతిలోనే బడికి దండం పెట్టి బయటపడ్డాను కనుక నాకు ఆ ఇబ్బంది లేదు.

పోచమ్మ భర్త ఐలయ్య గుట్టల్లో బండలు కొడతాడు. ఐలయ్య సమ్మెటకు లొంగని బండ కూడా పోచమ్మ వచ్చి నాలుగు మాటలంటే నిలువునా పగులుతుందని ఊళ్లో చెప్పుకుంటారు. చెప్పేది నేను, వినేది ఊరు. ఆమె ఏడాది పొడుగునా ఆకుకూరలో జాంపండ్లో అమ్మినా, అసలు రాజ్యం మాత్రం సీతాఫలాల కాలంలోనే. మా గుట్టల మీది సీతాఫలం చెట్లకు ఎవడూ నీళ్లు పోయడు. వానలు మొహం చాటేసిన డెబ్బై రెండులో కూడా అవి కాశాయి. కాయ కండ్లు విచ్చుకోగానే తెంపాలి, గంపలో గడ్డి పరిచి పేర్చాలి, పట్నం చేర్చాలి. ఆలస్యమైతే కాయ పండై, పండు గుజ్జై, చివరికి ఈగల పాలవుతుంది.

పట్నం పోవడానికి అప్పట్లో మొగిలి లారీ ఒక్కటే దిక్కు. బస్సు కండక్టర్లు గంపను చూస్తే చాలు, ఆపకుండా ఈల ఊదేవారు. మొగిలి మాత్రం తెల్లవారి పాలక్యాన్ల పక్కన ఆడవాళ్లను ఎక్కించుకొని పోయి, మార్కెటు దగ్గర దింపి, సాయంత్రం తిరుగు ప్రయాణంలో కిరాయి అడిగేవాడు. పొద్దున అడిగితే ఎవరూ ఇవ్వరు. బోణీ కాలేదు కదా!

బోణీ అంటే మా ఆడవాళ్లకు ఆట కాదు. మొదటి బేరం పైసలు చేతిలో పడాలి. వాటిని కళ్లకద్దుకొని, గంప అంచుకు తాకించి, నడుం సంచిలో ఒక మూల వేరుగా దాచాలి. అప్పటిదాకా చేతినుంచి చిల్లిగవ్వ బయటికి పోకూడదు. పోయిందా, ఆనాటి బేరమంతా దాని వెంటే పోతుంది. అందుకే బోణీ కాకముందు చాయ్ తాగరు, తమలపాకు కొనరు, బిచ్చగాడు ఎదురొస్తే "మర్లి రా నాయనా" అంటారు. వాడికీ తెలుసు కనుక మర్లే వస్తాడు.

ఇంతలో నాంపల్లికి కొత్త లోకల్ బండి వేస్తున్నారనీ, మా ఊరికి కోసెడు దూరంలో పట్టాల పక్కన హాల్టు పెడుతున్నారనీ కబురొచ్చింది. చార్జీ ఎంత పెడితే జనం ఎక్కుతారో కనుక్కోవడానికి వెంకటనారాయణ అనే అధికారి జీపులో వచ్చాడు. ఊరివాళ్లు ఒకరు పావలా అన్నారు, ఒకరు పదిహేను పైసలన్నారు, ఒకాయన దేశానికి స్వరాజ్యం వచ్చింది కనుక ఊరికే ఎక్కించాలన్నాడు. పోచమ్మ లేచి నిలబడింది.

"ఎంత ఎంత అని అడుగుతున్నవు గని సారూ, ఎప్పుడియ్యాల్నో అడగవేంది?"

"ఎప్పుడేమిటమ్మా? ఎక్కేముందు."

"పొద్దటిపూట మేం ఎవ్వలికియ్యం. అమ్ముకున్నంక, మర్లి వచ్చేటప్పుడు పోను రాను కలిపి ఇస్తం."

"రైలేమన్నా మీ మేనమామ బండా?"

"మేనమామ బండైతే పైసలే ఇయ్యకపోదును సారూ."

జనం గొల్లుమన్నారు. సారు కూడా నవ్వాడు. నవ్వి, టికెట్టు నలభై పైసలని ఖాయం చేసి జీపెక్కాడు. ఎంత అన్నది తేలింది. ఎప్పుడు అన్నది నవ్వులో కొట్టుకుపోయింది. రైలొచ్చాక తన లారీ ఎవరెక్కుతారని మొగిలి చెరుకు తోలడానికి జహీరాబాదు వైపు వెళ్లిపోయాడు. ఇక మా ఆడవాళ్లకు పట్నం పోవాలంటే రైలు, లేకుంటే కాళ్లు.

మొదటిరోజు ఇంజనుకు బంతిపూల దండలు, హాల్టుకు మామిడాకులు, బాజా భజంత్రీలు. రేకుల గదిలో టికెట్ల కిటికీ వెనుక సుబ్రహ్మణ్యం కూర్చున్నాడు. కోస్తా నుంచి కొత్తగా ఉద్యోగానికొచ్చిన కుర్రవాడు. ఎంత మర్యాదస్తుడంటే, గది ముందు పడుకున్న మేకతో కూడా "కొంచెం జరగండి" అన్నాడు. మేక జరిగింది కూడా. వరుసలో అందరికంటే ముందు పోచమ్మ, ఆమె వెనుక ఇరవై గంపలు.

"ఎక్కడికండి?"

"నాంపల్లి."

"నలభై పైసలండి."

"ముందుగాల ఒక పండు కొని బోణీ చెయ్యి సారూ. నీ పైసలు నీ ముంగట పెడత."

"నేను టికెట్లు అమ్మడానికి కూర్చున్నానండి, పండ్లు కొనడానికి కాదండి."

"నేను పండ్లు అమ్మనీకి బయల్దేరిన, టికెట్లు కొననీకి గాదు."

వెంకటనారాయణ మెడలో దండతోనే పరుగెత్తుకొచ్చాడు. "ఏయ్, తప్పుకో! వెనకవాళ్లను రానీ!"

పోచమ్మ తప్పుకుంది. అంటే గంప దించి, పక్కనే చతికిలబడింది. వెనకవాళ్లు ముందుకొచ్చారు. వాళ్లకూ బోణీ కాలేదు. ఒక్కొక్కరే గంప దించి ఆమె పక్కన కూర్చున్నారు. బండి వచ్చింది, ఆగింది, కూత పెట్టింది, పోయింది. బాజావాళ్లు తప్ప ఎవరూ ఎక్కలేదు. వాళ్లు కూడా ఎక్కడ వాయించాలో తెలియక పొరపాటున ఎక్కారట.

మర్నాడూ అదే కథ. సాయంత్రం వెంకటనారాయణ కబురంపాడు: "రేపు నేనే వచ్చి కూర్చుంటాను. రేపు కూడా టికెట్లు తెగకపోతే హాల్టు ఎత్తేయిస్తాను." ఆ మాటతో ఊరు పరేషాన్ అయింది. ఐలయ్య అప్పటికి రెండు పూటలుగా సీతాఫలాలే తింటున్నాడు.

"గింజలు ఊంచి ఊంచి దవడలు గుంజుతున్నయే. నలభై పైసలు వాని మొహాన కొట్టి పోరాదు?"

"కొడత. వాడు నా మొహాన ఐదు పైసలు కొట్టినంక."

ఆమె పక్కింటి భాగ్యమ్మ గంపలో కాయలన్నీ మెత్తబడ్డాయి. ఆమె ఇక ఆగలేకపోయింది. "అక్కా, రేపు పోకుంటే నా గంప మేకలకే. ఒక్కదినం ఇచ్చేద్దం. ఎల్లమ్మ తల్లికి చెప్పుకుందం."

"ఇయ్యి, నేనొద్దన్ననా? నీ చెయ్యి నీది," అంది పోచమ్మ. "గని ఒకటి చెప్త విను. ఇయ్యాల రైలువానికి పొద్దుగాల్నే ఇస్తివనుకో, రేపు మార్కెట్ల జాగ కిరాయోడు పొద్దుగాల్నే చెయ్యి చాపుతడు. ఎల్లుండి హమాలి చాపుతడు. అందరు మన సంచిలనే బోణీ చేసుకుంటరు. ఇగ మనకు బోణీ ఎప్పుడే? మనం అమ్మకముందే మనల్ని అమ్ముకుంటరు గదా!"

మూడో నాడు పొద్దున భాగ్యమ్మ గంపెత్తుకొని వచ్చి, కిటికీ దగ్గరికి పోకుండా పోచమ్మ వెనుకే నిలబడింది.

ఆనాడు హాల్టంతా ఒకటే సీతాఫలాల కమ్మదనం. ఆ వాసనకు లింగంపల్లి తేనెటీగలు దారి తప్పి వచ్చాయి. సుబ్రహ్మణ్యం పక్కన కుర్చీ వేసుకొని వెంకటనారాయణ కాలు మీద కాలు వేసుకున్నాడు. పోచమ్మ మళ్లీ కిటికీలో చెయ్యి పెట్టింది. చేతిలో పండు.

"బోణీ చేస్తవా, చెయ్యవా? ఇదే కడపటి మాట."

"సుబ్రహ్మణ్యం! ఆ పండు ముట్టుకున్నావంటే నీ సంగతి చూస్తాను," అన్నాడు వెంకటనారాయణ.

ఆ కుర్రవాడు ఒకసారి పండును చూశాడు, ఒకసారి సారును చూశాడు. మెల్లగా అన్నాడు: "నాకూ బోణీ కాలేదండి."

"ఏంటీ?"

"కౌంటరు తెరిచిన దగ్గర్నుంచీ ఒక్క టికెట్టు తెగలేదండి. మాది కిరాణా కొట్టు పెట్టుకు బతికిన ఇల్లండి. మొదటి బేరాన్ని ఉత్తచేతులతో పంపిస్తే మా నాన్న ఆ పూట అన్నం పెట్టేవాడు కాదండి. ఈవిడను రోజూ పంపిస్తున్నానండి. రాత్రి ముద్ద దిగట్లేదండి." అని, జేబులోకి చెయ్యి పోనిచ్చి, పోచమ్మ వైపు తిరిగాడు. "పండెంతండి?"

"పది పైసలు."

"ఐదుకివ్వండి."

"బోణీ బేరమని ఊకుంటున్న. లేకుంటే ఆరు పైసలకు తక్కువ ఇయ్యకపోదును. తియ్యి."

ఐదు పైసల బిళ్ల పోచమ్మ చేతిలో పడింది. ఆమె దాన్ని కళ్లకద్దుకుంది, గంప అంచుకు తాకించింది, నడుం సంచిలో మూలకు తోసింది. ఇంకో మూల నుంచి నలభై పైసలు తీసి కిటికీ చెక్క మీద టపటపా పెట్టింది. "నాంపల్లి. ఒకటి." ఆ చప్పుడుకు వెంకటనారాయణ కాలు మీది కాలు జారింది.

మరి మిగతా ఇరవై మంది? ఇరవై పండ్లు కొనడానికి సుబ్రహ్మణ్యం జీతం చాలదు కదా! ఆ ఫికర్ మీకు వద్దు. పోచమ్మకు బోణీ అయింది కనుక ఇప్పుడు ఆమె చెయ్యి తెరుచుకుంది. ఆమె వెనక్కి తిరిగి భాగ్యమ్మ దగ్గర ఒక పండు కొంది. భాగ్యమ్మకు బోణీ! భాగ్యమ్మ ఆమె వెనుకనున్న కనకలక్ష్మి దగ్గర కొంది. కనకలక్ష్మి ఆ వెనకామె దగ్గర. ఐదు పైసలు ముట్టినామె ముట్టినట్టే కిటికీకి ఉరికింది. సుబ్రహ్మణ్యం టికెట్లు కొడుతూనే ఉన్నాడు. ఎవరి గంపలో చూసినా ఒక పండు పక్కామెది.

సగం వరుస కూడా తెమలక ముందే బండి వచ్చేసింది. గార్డు పచ్చజెండా విప్పాడు. టికెట్లు తెగుతుండగానే జనం ఎక్కకుండా ఆ బండి పోయిందంటే వెంకటనారాయణకు తలవంపులే. ఆయనే కుర్చీలోంచి లేచి, పట్టాల వెంట ఉరుకుతూ, రెండు చేతులూ ఊపుతూ "ఆపండి, ఆపండి, టికెట్లు తెగుతున్నాయి!" అని అరిచాడు. బండి ఆగే ఉంది, ఆఖరి గంప ఎక్కేదాకా కదల్లేదు. అయితే చేతులు వెంకటనారాయణవి కదా అంటారేమో. వాటిని లేపించింది ఎవరు? కనుక ఆ చెయ్యి పోచమ్మదే అని నా లెక్క. ఎడమదా కుడిదా అని నాతో పంచాయితీ పెట్టుకోవద్దు.

ఆ తరువాత సుబ్రహ్మణ్యం ఉన్నన్నాళ్లూ రోజూ కిటికీ తెరవగానే ఒక పండు కొన్నాడు. సీతాఫలాలు లేని రోజుల్లో కొత్తిమీర కట్ట. బదిలీ అయి పోతూ, కొత్తగా వచ్చినాయనకు తాళంచెవులతోపాటు ఈ సంగతి కూడా అప్పజెప్పి పోయాడు. వెంకటనారాయణ చార్జీ పెంచడానికి మరోసారి జీపులో వచ్చినప్పుడు ఎంత అని అడగకముందే, "ఎప్పుడు అని అడగనులే తల్లీ, బోణీ అయ్యాకే కదా!" అని పోచమ్మకు దండం పెట్టాడు.

మొన్న పుప్పాలగూడలో ఒక పెళ్లిలో బంతి మధ్యలో ఈ కథ చెబుతుంటే నలుగురూ ఎంగిలి చేతులు ఎండబెట్టుకుంటూ విన్నారు. రైలు పొగ భయపడి మళ్లీ గొట్టంలోకి దూరే చోటికి వచ్చేసరికి వెనుక బంతిలోంచి పోచమ్మే లేచింది. ఆమె అక్కడుందని నాకు తెలియదు. చేతులు కడుక్కొని, కొంగుకు తుడుచుకొని, నావైపు కూడా చూడకుండా అందరితో అంది:

"నేను రైలును ఆపలే. బోణీ కాలే, ఎక్కలే. బోణీ అయింది, ఎక్కిన. గంతే."