ఉల్లిపొరల అడుగున అత్త చెరువు

ఆ రోజుల్లో ఇంటర్నెట్ అంటే ఒక చోటు. చెప్పులు బయట విప్పి, అద్దం తలుపు నెట్టుకుని, చల్లటి గదిలోకి వెళ్ళి కూర్చుంటే ఉండేది. లేచి బయటికొస్తే అక్కడే ఉండిపోయేది. మన వెంటపడి ఇంటికి వచ్చేది కాదు, పక్కలో పడుకునేది అసలే కాదు. ఇప్పటి పిల్లలకి ఈ మాట చెబితే, బిందె పట్టుకుని చెరువుకి వెళ్ళి నీళ్ళు తెచ్చుకున్నామన్నట్టు జాలిగా చూస్తారు. నాకు మాత్రం వాళ్ళని చూస్తేనే జాలి. వెళ్ళడానికి ఒక చోటు, ఆ చోటు అడుగున ఎవరికీ తెలియని ఇంకో చోటు, దాని తాళంచెవి లోకం మొత్తమ్మీద తన జేబులోనే ఉందని నమ్మే కుర్రవెధవ ఒకడు. అంత వైభవం వీళ్ళకెక్కడిది?

ఆ కుర్రవెధవని నేనే. తాడేపల్లిగూడెంలో డిగ్రీ పూర్తిచేసి (పూర్తయిందని మా నాన్న నమ్మాడు, ఒక పేపరు మాత్రం ఇంకా నమ్మలేదు), స్టేషన్ దగ్గర ఒక నెట్ సెంటర్లో పనికి కుదిరాను. ఓనరుగారిని మేమంతా స్టెబిలైజర్ గారు అనేవాళ్ళం. కరెంటు ఎప్పుడు ఎగురుతుందో, ఎప్పుడు పడిపోతుందో అన్న దిగులు తప్ప ఆయనకి ఇంకో దిగులు ఉండేది కాదు. బల్బు కాస్త మినుకుమంటే చాలు, ‘సేవ్ చేసుకోండి బాబూ’ అంటూ ఒక్కో క్యాబిన్ దగ్గరికీ వెళ్ళి మెల్లగా చెప్పొచ్చేవాడు. అలాంటి పెద్దమనిషి కొలువులో నేను, ‘మీరు చూసే నెట్ కొల్లేటి మీద గుర్రపుడెక్క లాంటిదండీ, అసలు నీళ్ళన్నీ దాని కింద ఉన్నాయి’ అని వచ్చినవాళ్ళకల్లా చెప్పేవాణ్ణి. వెతికితే దొరికేది పైపై నెట్టని, వెతికినా దొరకనిది లోపలి నెట్టని, అక్కడికి దారి అందరికీ తెలియదని, తెలిసినవాళ్ళు చెప్పరని. చెప్పకూడనిది చెప్పేస్తున్నట్టు మధ్యలో ఆగి కిటికీ వైపు చూసేవాణ్ణి. (తరవాతి మాట నాకూ తెలియదు కనక ఆ చూపు చాలా సహజంగా వచ్చేది.)

పూర్తిగా అబద్ధమని అనుకోకండి. మనిషి జాడ తెలియకుండా ఉల్లిపాయలా పొరల మీద పొరలు కప్పి దాచేసే సాఫ్ట్‌వేర్ ఒకటుందని ఎక్కడో చదివి, నిజంగానే ఎక్కించాను. లారీల కొద్దీ ఉల్లిపాయలు దిగే గూడెంలో పుట్టి, ఆ మార్కెట్టులో గుమస్తా కొడుకునై, ఉల్లిపొరలకి భయపడతానా? దాంట్లో ఒక పేజీ తెరవమని చెప్పి, ఎదురు కొట్టుకి వెళ్ళి టీ తాగి, కొట్టాయన తన కూతురికొచ్చిన సంబంధాలన్నీ ఏకరువు పెడితే విని, తిరిగొచ్చినా పేజీ సగమే వచ్చి ఉండేది. తీరా మొత్తం వచ్చాక చూస్తే, ఏ దేశంవాళ్ళో పావురాలు పెంచుకునేవాళ్ళ సంఘం. పావురాల గురించి అంత దాచుకోవలసింది ఏముందో నాకు ఇప్పటికీ తెలియదు. బయట మాత్రం, గూఢచారులు మాట్లాడుకునే చోటికి వెళ్ళొచ్చానని, కాస్తలో తప్పించుకున్నానని చెప్పాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా మేనత్త కొల్లేటి నుంచి మా ఇంటికి వచ్చేసింది. మండవల్లి అవతల, సరస్సు మధ్య దిబ్బలాంటి లంక ఊరు వాళ్ళది. సొసైటీ వాళ్ళ చేపల చెరువు మీద మామయ్య కాపలా ఉండేవాడు. గట్టు మీదే తాటాకు ఇల్లు. కాపలా అంటే దొంగల కోసం కాదు, పక్షుల కోసం. గూడబాతులూ కొంగలూ గుంపుగా దిగాయంటే పెంచిన చేపంతా వాటి పొట్టలోకే పోతుంది. అందుకని పక్షి నీళ్ళని తాకగానే డబ్బా వాయించాలి. ఎవరు ముందు చూస్తే వాళ్ళు కేకెయ్యాలి, అది ఎవరి చెరువైనా సరే. అక్కడ పుట్టి పెరిగినవాళ్ళకి అది ఊపిరిలాంటి అలవాటు. మామయ్యకి డబ్బా వాయించడం కంటే తాటిచెట్టు నీడన నిద్రపోవడం బాగా వచ్చు కనక, ఆ కేకలు ఎక్కువగా మా అత్తే వేసేది. మామయ్య పోయిన మరుసటి ఏడాది, సరస్సుని మళ్ళీ సరస్సు చేస్తామని పెద్ద మెషిన్లు తెచ్చి గట్లు కొట్టేశారు. గట్టుతోపాటు ఇల్లూ నీళ్ళలోకి పోయింది. మా నాన్న వెళ్ళి ఆవిడనీ ఒక ట్రంకుపెట్టెనీ తీసుకొచ్చాడు.

వచ్చిన మొదట్లో అత్త మాటకారిగానే ఉంది. మా అమ్మ వండిన చేపముక్కని వేలితో నొక్కి, ‘ఇది ఎప్పుడు పోయిందో పాపం’ అనేది. మా అమ్మ మొహం మాడ్చుకునేది. తరవాత తరవాత ఆ మాటా మానేసింది. కంచం ముందు కూర్చుని లేచిపోయేది. పెరటి మెట్టు మీద కూర్చుని, గూడెంలో ఎక్కడా లేని నీళ్ళ వైపు చూస్తూ ఉండేది.

‘మనిషి కరిగిపోతందిరా,’ అన్నాడు నాన్న ఓ రోజు. ‘ఏదైనా చెప్పి నవ్వించరాదూ, ఊళ్ళో అందరికీ కోతలు కోస్తావు కదా.’

అంతకు ముందువారమే, ఉపగ్రహం తీసిన బొమ్మల్లో భూమినంతా చూపించే ప్రోగ్రాం ఒకటి సెంటర్లో ఎక్కించాం. ఆదివారం ఆరాధన అయ్యాక, బైబిలు సంచీ చంకలో ఉండగానే, అత్తని సరాసరి అక్కడికి తీసుకెళ్ళాను. క్యాబిన్ తెర వేసి, ఇది లోపలి నెట్ అని, ఎవరికీ చెప్పకూడదని, పాస్‌వర్డ్ నాకొక్కడికే తెలుసని చెప్పాను. ‘నీ కోతలు ఇంటికెళ్ళాక కొయ్యి. ఆ బంతిని తిప్పడం ఆపు, కళ్ళు తిరుగుతున్నాయి,’ అంది. బంతి ఆగింది, పెద్దదయింది, కోస్తా వచ్చింది, కొల్లేరు వచ్చింది, గళ్ళ లుంగీ ఆరేసినట్టు చెరువులన్నీ వచ్చాయి. మూల వంకరగా ఉన్న గట్టు మీద అత్త వేలు ఆగింది. ఆ బొమ్మ గట్లు కొట్టకముందు తీసింది. చెరువు ఉంది. ఇల్లు ఉంది. నీళ్ళ మీద ఒక పక్కన తెల్లటి చుక్కలు, ఎదురు గట్టు మీద తాటిచెట్టు కింద ఒక నల్లటి చుక్క.

అత్త కుర్చీలోంచి సగం లేచింది.

‘ఏవండీ,’ అంది గొంతెత్తి, ‘ఏవండీ, పక్షులు దిగినాయండీ. లెగండి.’

క్యాబిన్లన్నిట్లోంచి తలకాయలు బయటికొచ్చాయి. ఎవరికి ఏం జరిగిందోనని స్టెబిలైజర్ గారు పరుగెత్తుకొచ్చి, ‘ఏమైందండీ అమ్మగారూ, షాకేమన్నా కొట్టిందాండీ?’ అన్నాడు.

‘చూడండి బాబూ, చెరువు మీద గూడబాతులు. ఈయన చూస్తే చెట్టు కింద పడుకున్నాడు.’

ఆయన కళ్ళజోడు సవరించుకుని నల్లచుక్కని చాలాసేపు పరీక్షగా చూశాడు. ‘పడుకున్నారంటారా? నాకైతే కూర్చున్నట్టే ఉందండీ.’

‘మీరూ మగాళ్ళే కదండీ, అలాగే అంటారు.’

‘ఎండగా ఉన్నట్టుందండీ. కాస్త నడుం వాల్చారేమో, పోనిద్దురూ.’

ఆ పూట అత్త రెండోసారి అన్నం పెట్టించుకుని తింది. చేప ఎప్పుడు పోయిందని కూడా అడిగింది; మా అమ్మ మొదటిసారి ఆ మాటకి సంతోషించింది. అప్పట్నుంచి ఆదివారం ప్రార్థన అయ్యాక నెట్ సెంటరుకి వెళ్ళడం ఆచారమైపోయింది. అత్త వచ్చేది, కేకేసేది, మామయ్యని తిట్టేది, స్టెబిలైజర్ గారు ఆయన తరఫున వాదించేవాడు. కాస్త కంగారుపడి, ‘అత్తా, ఇది ఎప్పుడో తీసిన ఫోటో’ అని నేనొకసారి గుర్తుచేశాను. ‘తెలుసురా,’ అంది నా వైపు చూడకుండా. ‘ఫోటో అయితే మాత్రం, పక్షుల్ని చూస్తా చూస్తా వదిలేస్తామా?’

అలా చాలాకాలం జరిగింది. ఒక ఆదివారం బొమ్మ తెరిస్తే చెరువు లేదు. ఎవరో ఎక్కడో కూర్చుని పాత బొమ్మ తీసేసి కొత్తది పెట్టారు. గట్లు లేవు, గళ్ళు లేవు. నీళ్ళూ, పచ్చగా గుర్రపుడెక్కా. ‘ఇంకొంచెం జరుపు,’ అంది అత్త. జరిపాను. ‘ఇటు,’ అంది. జరిపాను. కాసేపటికి జరపమనడం మానేసింది.

‘కొట్టేసినాక తీశారు,’ అంది. తరవాత నాతో, నెమ్మదిగా, ‘నీ లోపలి నెట్టులో ఉంటది కదరా పాతది. తాళం నీ దగ్గరే ఉందన్నావు.’

ఆ రోజు రాత్రి కంచం అలాగే ఉండిపోయింది. తరవాత కూడా.

ఇక చూడండి నా అవస్థ. అన్నాళ్ళూ ఊరికి చెప్పిన లోపలి నెట్టులోకి నిజంగా దిగాల్సి వచ్చింది. ఉల్లిపొరలన్నీ విప్పాను, పావురాలవాళ్ళని కూడా అడిగాను (వాళ్ళు చాలా మర్యాదస్థులు, కానీ పావురాలు అంత ఎత్తుకి ఎగరవన్నారు). ఆఖరికి, పాత ఉపగ్రహ చిత్రాల గురించి తప్ప వేరే మాటే మాట్లాడుకోని మనుషుల చర్చావేదిక ఒకటి దొరికింది. ఎవరికీ పేర్లు లేవు, మారుపేర్లే. అందులో నేను పెదవేగి పామాయిల్ తోటల మీద పరిశోధిస్తున్న గొప్ప శాస్త్రవేత్తనని పరిచయం చేసుకుని, ఫలానా చోటు పాత చిత్రం కావాలని నాకొచ్చిన ఇంగ్లీషులో రాశాను. ముసలిగద్ద అనే అర్థం వచ్చే పేరున్న ఒకాయన జవాబిచ్చాడు: ‘అయ్యా శాస్త్రవేత్తగారూ, మీరు చెప్పిన చోట అంతా నీళ్ళున్నాయి. మీ పామాయిల్ చెట్లు ఈదుతాయా?’

కోత కోయడానికి ఇంకేమీ దొరక్క ఉన్నది రాసేశాను. మా మేనత్త, ఆవిడ భర్త, ఆయన నిద్ర, పక్షులు, కంచం. ఆ ఇంగ్లీషు తలుచుకుంటే ఇప్పటికీ చెవులు ఎర్రబడతాయి. ‘మా మామయ్య గట్టు మీద నిద్రిస్తున్నాడు, దయచేసి ఆయన్ని పంపించండి’ అన్నట్టుగా వచ్చింది. కొన్నాళ్ళు గడిచాయి. ఆ తరవాత ముసలిగద్ద ఒక దారి పంపించాడు. ఏ యూనివర్సిటీవాళ్ళో మర్చిపోయిన గది అది: ముందు పేజీ లేదు, బొమ్మల్లేవు, ఏం వెతికినా అక్కడికి చేరరు, ఫైళ్ళు మాత్రం వరసగా పడి ఉన్నాయి. కింద ఒక్క ముక్క రాశాడు: ‘మీ ఆంటీకి నా నమస్కారాలు.’ లోపలి నెట్ నాకు నిజంగా కనిపించింది అప్పుడే. గూఢచారులెవరూ లేరు. పాత కాగితాల గదిలో ఉండేంత నిశ్శబ్దంగా ఉంది.

ఆ ఫైళ్ళు మా సెంటరు లైనుకి లొంగేవి కావు. స్టెబిలైజర్ గారే ఏలూరు పవర్‌పేటలో తన స్నేహితుడి సెంటరుకి ఫోన్ చేసి, ‘మా కుర్రాడొస్తాడండీ, కాస్త పెద్ద పనండీ’ అని చెప్పి పంపాడు. పొద్దున్నుంచి దింపుతూ కూర్చున్నాను. ఫైలు తర్వాత ఫైలు తెరిస్తే మబ్బులు, మబ్బులు, ఎవరి ఊళ్ళో. సాయంత్రానికి వంకర మూల కనిపించింది. సీడీలోకి ఎక్కించి, చొక్కా లోపల పెట్టుకుని, ప్యాసింజర్లో ఎవరూ ఆనుకోకుండా నిలబడే వచ్చాను.

మర్నాడు అత్తని బతిమాలి తీసుకెళ్ళాను. బొమ్మ తెరిచాక గానీ నేను గమనించలేదు: ఇది అదే చెరువు, కానీ అదే రోజు కాదు. వేరే ఎప్పుడో తీసింది. గట్టు ఉంది, తాటిచెట్టు ఉంది, తాటాకు కప్పూ ఉంది. పక్షులు లేవు. చెట్టు కింద నల్లచుక్క లేదు. మబ్బు అడ్డొచ్చిందని చెబుదామా, కంప్యూటర్ కళ్ళకి మసక అని చెబుదామా అని కోతలు వెతుక్కుంటున్నాను. జీవితంలో మొదటిసారి ఒక్కటీ నోటికి రాలేదు. స్టెబిలైజర్ గారు వెనకాల నిలబడి గొంతు సవరించుకున్నాడు.

అత్త చెరువంతా చూసింది. చెట్టు కింద చూసింది. గట్టు వెంట వేలు నడిపించుకుంటూ వెళ్ళి తాటాకు కప్పు మీద ఆపింది.

‘లెగిశాడు,’ అంది.

‘ఏంటత్తా?’

‘లెగిశాడురా. పక్షుల్ని తోలేసి అన్నానికొచ్చాడు. ఇద్దరం లోపలున్నాం.’

స్టెబిలైజర్ గారు ఆ కప్పు వైపు వంగి చూసి, ‘ఆ పూట కూరేంటండీ?’ అన్నాడు.

అత్త ఆలోచించింది. ‘కొరమీను పులుసండి.’

‘అయితే ఇప్పట్లో బయటికి రారులెండి,’ అన్నాడాయన. కరెంటు పోతుందేమోనని కూడా చూడకుండా అక్కడే నిలబడ్డాడు.

తరవాత అత్త ఆ బొమ్మ మళ్ళీ పెట్టమనలేదు. బజారుకి తనే వెళ్ళి చేప తెచ్చేది, చేపలమ్మేవాళ్ళతో పోట్లాడేది, వంటిల్లు మా అమ్మ చేతిలోంచి మెల్లగా లాగేసుకుంది. మా ఇంట్లోనే చాలా ఏళ్ళు ఉండి కన్నుమూసింది.

ఇప్పుడు అంత యాతన అక్కర్లేదు. పాత బొమ్మలన్నీ ఫోన్లోనే ఉన్నాయి, వేలితో జరిపితే ఏడాదికేడాది వెనక్కి వెళ్ళిపోతుంది. జుట్టు పలచబడి, కళ్ళజోడు వచ్చిన ఈ వయసులో ఒక్కోసారి నేను కొల్లేటి వైపు కాకుండా మా గూడెం ఇంటి మీదికి వెళ్తాను. అత్త ఉన్న ఏళ్ళ దగ్గర ఆపుతాను. రేకుల కప్పు కనిపిస్తుంది, పెరడు కనిపిస్తుంది, మెట్టు ఖాళీగా ఉంటుంది. ఉపగ్రహం మా మీదుగా వెళ్ళేది ఎండ ఎక్కే వేళట. ఆ వేళకి ఆవిడ పొయ్యి దగ్గర ఉంటుంది. ఒక్కసారి ఏ కరివేపాకు కోసమో పెరట్లోకి రాకపోతుందా అని కప్పుని పెద్దది చేస్తాను, ఇంకా పెద్దది చేస్తాను. రేకు మీద మచ్చలు తప్ప ఏమీ కనిపించవు.

మొన్న మా ఆవిడ పట్టేసుకుంది. ‘ఏంటండీ, అంత మొహం దగ్గర పెట్టుకుని చూస్తన్నారు?’

‘సీక్రెట్ వెబ్‌సైటు,’ అన్నాను. ‘చాలా లోపలికి వెళ్ళాలి, నీకు తెలియదులే.’

ఆవిడ తొంగిచూసింది. ‘మనిల్లేగా,’ అంది, ‘ఎవరూ లేరుగా.’

‘ఉన్నారు,’ అన్నాను, ‘వంట కాలేదింకా.’