బీరువా అక్క స్కాన్లను తరలించిన పది రోజులు

ఆసుపత్రిలో ఆమెను అందరూ బీరువా అక్క అనేవారు. ఇరవై రెండేళ్ల కిందట ఎక్స్‌రే ఫిల్ములను కవర్లలో పెట్టి, నంబరు వేసి, బీరువాల్లో సర్దే ఉద్యోగంలో చేరింది. ఫిల్ములు పోయి కంప్యూటర్లు వచ్చాక వేరే విభాగానికి మారమంటే మొండికేసింది. "వస్తువు మారింది గానీ దాచే పని మారలేదు కదా సార్" అని, సాయంత్రం తరగతులకు వెళ్లి మరీ సర్వర్ల పని నేర్చుకుంది. బీరువాలు పోయాయి, పేరు మాత్రం ఉండిపోయింది.

ఇప్పుడు స్కాన్లన్నీ రెండో అంతస్తులో చల్లటి గదిలో, పన్నెండు యంత్రాల్లో ఉన్నాయి. పన్నెండూ ఒక్కటిగా పనిచేసే ఆ ఏర్పాటును క్లస్టర్ అంటారు. ఒక డిస్కు చెడినా మిగతావి ఆదుకుంటాయి. కానీ ఆ ఏడాది మూడు వారాల్లోనే ఐదు డిస్కులు పోయాయి. ఆదుకోవాల్సినవే ఆయాసపడుతున్నాయి. దాంతో పక్క గదిలో కొత్త క్లస్టర్ పెట్టించారు. పాతదాంట్లో ఉన్న డెబ్భై లక్షల ఫైళ్లను అందులోకి మార్చాలి.

విభాగం ఇన్‌చార్జి చెడ్డవాడు కాదు గానీ, కాళ్ల కింద నిప్పులు పోసినట్టు తొందరపడే మనిషి.

"నాలుగు రోజులు అన్నీ ఆపేసి కాపీ చేసేద్దాం. పీడ వదిలిపోతుంది" అన్నాడు.

"నాలుగు రోజులు ఎవరూ కాళ్లు విరగ్గొట్టుకోకుండా ఉంటారా సార్?"

"మరి ఎలాగమ్మా?"

"ఆపొద్దు. పాత ఏళ్ల స్కాన్లను ఎవరూ రోజూ ముట్టుకోరు, ముందు అవి పంపిద్దాం. ఇవాళ్టి నుంచి తీసే కొత్త స్కాన్లు రెండు చోట్లా పడేలా చేద్దాం. చివర్లో మిగిలింది చూసుకుని ఒక్క అరగంట ఆపితే చాలు."

సరేనన్నాడు. ఆమె వెంటనే కాపీ మొదలుపెట్టలేదు. రెండు రోజులు ఊరికే ఫైళ్లు చూస్తూ కూర్చుంది. వెనకటి ప్రోగ్రాము ఒకటి, డాక్టరు స్కాన్ తెరిచినప్పుడల్లా దాన్నే ఇంకోసారి దాచిపెట్టేదట. అలా మూడో వంతు ఫైళ్లు అదే స్కాన్ నంబరుతో ఉన్న నకళ్లు. మోయక్కర్లేనిది మోయడం ఎందుకని, ఒక్కోదానికి ఒక్క ప్రతినే జాబితాలో ఉంచింది. పదిహేను రోజుల పని పదికి దిగింది.

మొదటి రోజు పూర్తి వేగంతో కాపీ నడిపింది. పదింటికల్లా ఎముకల డాక్టరు రొప్పుతూ వచ్చాడు.

"ఏంటక్కా ఇది? ఒక్క ఎక్స్‌రే తెరుచుకునేలోపు పేషెంటు వాళ్లింటి సంగతులన్నీ చెప్పేశాడు!"

ఆమె మొహం చిన్నబోయింది. స్కాన్లు వెళ్లే దారి ఒక్కటే కదా, కాపీయే అంతా ఆక్రమించేసింది. వెంటనే వేగం తగ్గించింది. పొద్దున్న రోగులు వచ్చే వేళల్లో నెమ్మదిగా, మధ్యాహ్నం రెండు దాటాక జోరుగా నడిచేలా మార్చింది. మళ్లీ ఎవరూ పైకెక్కి రాలేదు.

ఇంట్లో ఆమె భర్త బస్సు డ్రైవరు. డ్యూటీ దిగి వంట ఆయనే చేసేవాడు. ఓ సాయంత్రం కంచం ముందు కూర్చుని ఆమె ఫోన్లో శాతాలు చూసుకుంటుంటే, "నలభై శాతం తిన్నావు. మిగతా అరవై కూడా కానిచ్చేయ్ తల్లీ" అన్నాడు. ఆమె నవ్వి ఫోను బోర్లా పెట్టింది.

పదో రోజు పొద్దున్న కాపీ పూర్తయింది.

"హమ్మయ్య! పాత యంత్రాలు ఆపేయమ్మా, మధ్యాహ్నం పాత సామాన్ల బండి వచ్చి పట్టుకుపోతుంది" అన్నాడు ఇన్‌చార్జి.

"సరిచూడకుండా ఆపను సార్."

"మొత్తం వచ్చిందని కంప్యూటరే చూపిస్తోందిగా!"

"ఎన్ని ఉండాలో అన్నీ ఉన్నాయి. లోపల ఉన్నది బాగుందో లేదో ఇంకా చూడలేదు."

ఫిల్ముల కాలంలో ఓసారి పైపు పగిలి రెండు బీరువాలు తడిసిపోయాయి. బిడ్డ ఎక్స్‌రే కోసం వచ్చిన ఓ తల్లికి "లేదమ్మా" అని చెప్పాల్సి వచ్చింది. ఆ మాట అన్నప్పటి నోటి చేదు ఆమెకు తెలుసు. ఇన్‌చార్జికి అదంతా చెప్పలేదు. ఆయన గొణుక్కుంటూనే బండిని వద్దన్నాడు.

స్కాన్ తీసిన రోజే ప్రతి ఫైలుకూ దాని లోపలి సమాచారాన్నిబట్టి ఒక సంఖ్య రాసి ఉంచుతారు. ఒక్క చుక్క మారినా సంఖ్య మారిపోతుంది. వాటన్నిటితో పోల్చి చూస్తే రెండు వందల పద్నాలుగు ఫైళ్లు తేడాగా వచ్చాయి. మళ్లీ కాపీ చేసింది. మళ్లీ అంతే. అంటే పాత డిస్కుల్లోనే అవి పాడైపోయాయి.

జాబితా డాక్టర్లకు పంపిన పది నిమిషాలకు సర్జనమ్మ ఫోను చేసింది. "అందులో నా పేషెంటు ఉంది. మూడేళ్ల కిందటి తల స్కాన్. గడ్డ పెరిగిందో లేదో దాన్ని చూస్తేనే తెలిసేది. పెరగకపోతే ఆపరేషన్ అక్కర్లేదు. ఎలాగైనా కావాలి."

ఆమె కళ్లు మూసుకుని ఆలోచించింది. ఒక్కసారిగా లేచి నిలబడింది. నకళ్లు! పాడైనవి దాదాపు అన్నీ ఆ వెనకటి ప్రోగ్రాము నాటి స్కాన్లే. తను మోయకుండా వదిలేసినవి పాత యంత్రాల్లోనే, వేరే డిస్కుల మీద, ఇంకా ఉన్నాయి. బండి వచ్చి ఉంటే ఈపాటికి వెళ్లిపోయేవి.

ముందు ఆ తల స్కాన్ నకలు వెతికి తీసింది. సంఖ్య సరిపోయింది. ఇన్‌చార్జి కుర్చీలో జారగిలబడి, "నా నోటి తొందర తగలెయ్య!" అన్నాడు. సాయంత్రంలోగా రెండు వందల పన్నెండు దొరికాయి. రెండు మాత్రం నిజంగానే పోయాయి. ఆ ఇద్దరికీ ఆమే ఫోను చేసింది. ఒకావిడ మళ్లీ తీయించుకుంటానంది. రెండో ఆయన నవ్వేశాడు. "ఆ మోకాలే మార్పించేసుకున్నానమ్మా. దాని ఫొటో నాకెందుకు?"

మర్నాడు భోజనాల వేళ ఇరవై రెండు నిమిషాలు ఆపి, అందరినీ కొత్త క్లస్టర్ మీదికి మార్చింది. ఎముకల డాక్టరుకు మారిన సంగతే తెలియలేదు.

మూడింటికి సర్జనమ్మ స్వయంగా పైకి వచ్చింది. "గడ్డ అంతే ఉందక్కా. ఆపరేషన్ లేదు. చెప్పగానే ఆవిడ నా చెయ్యి పట్టుకుని వదల్లేదు."

బీరువా అక్క తలూపింది. తర్వాత కారిడార్‌లో బెంచీ మీద కూర్చుని, చెప్పులు విడిచి, కాళ్లు చాపుకుంది.