కిటికీ పక్క ఇటుక

కల్లు గీసే గౌండ్ల ఇంట పుట్టి తాటిచెట్టు ఎక్కడానికి భయపడ్డవాడు ఆ చుట్టుపక్కల ఒక్కడే ఉన్నాడు. అతని పేరు ఆగయ్య. పదహారో ఏట తండ్రి మోకు కట్టి ఎక్కిస్తే సగం దాకా పోయి, చెట్టును కావలించుకుని కళ్లు మూసుకున్నాడు. దించడానికి మరో ఇద్దరు ఎక్కాల్సి వచ్చింది. ఆనాటి నుంచి అతనికి ‘చెట్టెక్కని గౌడు’ అనే పేరు ఖాయమైంది. ఎవరేమన్నా నవ్వేసే మనిషి కాబట్టి, మింట ఉన్న కల్లు మనకెందుకు, మంట్లో మన్ను చాలనుకుని ఇటుకలకు దిగాడు. మట్టి తొక్కడం, అచ్చు పోయడం, బట్టీ పేర్చి కాల్చడం, గోడలు కట్టే సుతారి పని, అన్నీ నేర్చాడు. సారంగాపూర్ మండలంలో వాగొడ్డున ఉన్న ఆ ఊళ్లో పాత ఇళ్లు సగం అతని చేతి మీద లేచినవే.

అతనికో పద్ధతి ఉండేది. ఇటుకల కోసం ఎవరొచ్చినా రెండు తీసి వాళ్ల చెవి దగ్గర కొట్టేవాడు. ఖంగుమంటే కాలినట్టు, బొద్దుమంటే పచ్చిదన్నట్టు. “నా మాట ఇనకు, సప్పుడు ఇను” అనేవాడు. ఆ మాట ఎంత పాకిందంటే, ఊళ్లో పెళ్లిసంబంధాలు చూడబోయేవాళ్లు కూడా “సప్పుడు ఇని రాండ్రి” అని ఒకరికొకరు చెప్పుకునేవారు.

ఇప్పుడు ఆగయ్యకు డెబ్బై దాటాయి. బట్టీ మూసి పదేళ్లు. కట్టిన ఇళ్లు కూడా ఒక్కొక్కటే పోయి స్లాబులొచ్చాయి. వాగు పక్కన మిగిలిన పాత ఇల్లు ఒక్క చిన్నవ్వదే. ఆ ఇల్లు కట్టిన మరుసటేడే వాగు పైన ఖనిజం కడిగే ఫ్యాక్టరీ ఒకటి వచ్చింది. పన్నెండేళ్లు నడిచింది. కడిగిన నీళ్లూ బురదా వాగులోకి వదిలి, ఒకనాడు తాళం వేసుకుని పోయింది. తర్వాత ఊళ్లో జబ్బులు మొదలయ్యాయి. చిన్నవ్వ కొడుకు దశరథం నెత్తురు జబ్బుతో ముప్పై ఒకటో ఏటనే పోయాడు. పుట్టిన నాటి నుంచీ వాడు పడుకున్నది ఆ ఇంటి వెనక గదిలో, వాగు దిక్కు గోడ పక్కన. వాగులో ఏదో ఉందని అందరికీ అనుమానమే, రుజువు మాత్రం ఎవరి దగ్గరా లేదు. ఫ్యాక్టరీ లేదు, ఆనాటి నీళ్లు ఎప్పుడో గోదాట్లో కలిశాయి.

అట్లాంటప్పుడు ప్రణీత వచ్చింది. ఇట్లాంటి ఫ్యాక్టరీలు వదిలిన బురదలో రేడియేషన్ ఉంటుందేమోనని హైదరాబాదులో పరిశోధన చేస్తున్న పిల్ల. “మాది కోరుట్లనే తాతా” అంటూ ఆగయ్యను వెంటబెట్టుకుని చిన్నవ్వ ఇంటికి నడిచింది. వెనక గోడలోంచి ఇటుక తీస్తానంటే జనం పోగయ్యారు. ఇటుక ఏం సాక్ష్యం చెబుతుందని ఎవరో నవ్వారు.

“బట్టీల కాలినప్పుడు ఇటుక, పలక కడిగినట్టు అయితది తాతా” అంది ప్రణీత. “అప్పటిసంది ఎంత రేడియేషన్ తగిల్తే అంత లోపల రాసుకుంటది. మేము ల్యాబుల, చీకట్ల వేడి చేస్తే సన్నగ వెలుగుతది. ఎంత వెలిగితే అంత తగిలినట్టు. వాగు నుంచి వచ్చిందైతే వాగు దిక్కు ఎక్కువుంటది, లోపలికి పోయినకొద్ది తక్కువైతది. మట్టిలనే ఉంటే అంతట ఒక్క తీరుగుంటది.”

ఇంత చెప్పి, పుస్తకం తెరిచి అడిగింది. “గీ ఇటుకలు మంచిగ కాలినయే కదా?”

పదిమంది చూస్తున్నారు. చిన్నవ్వ చూస్తోంది. ఆగయ్య మీసం సవరించుకున్నాడు. “ఆగయ్య ఇటుక కాలకపోవుడేంది బిడ్డా!” అన్నాడు. కొట్టి మాత్రం చూపలేదు. ఆ సంగతి ఆ రోజు ఎవరూ గమనించలేదు.

కొట్టి చూపితే బొద్దుమంటుందని అతనికి తెలుసు. చిన్నవ్వ ఇల్లు కట్టిన ఏడు బట్టీ మంట మీద ఉండగానే రాళ్లవాన కొట్టింది. ఊక తడిసి మంట చచ్చింది. సగం ఇటుకలు పేరుకే ఎర్రబడ్డాయి. పారేయడానికి ప్రాణం ఒప్పక వాటినే వెనక గోడకు పేర్చి, మీద మందంగా సున్నం పూశాడు. సప్పుడు వినమని లోకానికి చెప్పినవాడు బతుకు మొత్తంలో ఒక్కసారే సప్పుడు దాచాడు. ఆ దాచినది ఇంత దూరం వచ్చి తన కాళ్లకే చుట్టుకుంటుందని పాపం అతనికేం తెలుసు!

రెండు నెలలకు ప్రణీత మళ్లీ వచ్చింది. మొహంలో కళ లేదు. “లోపల బయట ఒక్క తీరుగనే ఉంది తాతా. చాన ఎక్కువుంది. మంచిగ కాలిన ఇటుకైతే దానికి ఒక్కటే అర్థం, మట్టిలనే ఏదో ఉందని. మట్టిని ఇంకో తీరుగ పరీక్ష చెయ్యాలె. గాని సోమవారం జగిత్యాలల ఆఫీసర్లు ఫ్యాక్టరీ సంగతి మీద మీటింగ్ పెట్టిండ్రు. వాగు సంగతి చెప్పనీకె నా దగ్గర ఇంకో ఇల్లు లేదు.”

“కాలకపోతే?” అన్నాడు ఆగయ్య మెల్లగా.

“కాలకపోతే పలక కడగనట్టే. మట్టి భూమిల ఉన్నప్పటి వేల ఏండ్ల రాత అట్లనే ఉంటది. మీరు కాలిందన్నరు కదా?”

ఆగయ్య తల ఊపాడు. ఔనన్నట్టో కాదన్నట్టో అతనికే తెలియదు.

కుండకు మూకుడుంటుంది గాని ఊరి నోటికి ఉండదు. పొద్దుగూకే లోపల “ఆగయ్య మట్టిలనే ఉన్నదట” అనే మాట ఊరంతా తిరిగింది. మర్నాడు నల్లా దగ్గర చిన్నవ్వ ఎదురై, బిందె ఎత్తుకుని మొహం తిప్పుకుని పోయింది. ముప్పై అయిదేళ్లుగా “అన్నా” అని పిలిచిన మనిషి. ఆగయ్యకు అన్నం సయించలేదు. మంచి ఇటుకలని చెప్పుకున్నందుకు అవి చంపిన ఇటుకలయ్యాయి. చెడ్డవని ఒప్పుకుంటే ఇన్నాళ్ల పేరు మట్టిలో కలుస్తుంది. ఒప్పుకోకపోతే వాగు తప్పించుకుంటుంది.

ఆదివారం పొద్దున చాయ తాగి, నేరుగా చిన్నవ్వ ఇంటికి పోయాడు. ఆమె వెనక గదిలో ఊడుస్తోంది.

“చెల్లె, నీ ఎన్క గోడ ఇటుకలు పచ్చియి. ఆ ఏడు రాళ్లవానకు బట్టీ కాలలే. తెలిసే పెట్టిన.”

చిన్నవ్వ చీపురు ఆపలేదు. “నాకెర్కనే. సున్నం ఊడినకాడ రాలే గీ ఎర్రమన్ను రోజు పొద్దుగాల ఎత్తిపోస్తున్న, నాకెర్కగాదా? వానకు నష్టపోయిండు, పోనీ తియ్ అనుకున్న.” అప్పుడు నడుం నిలబెట్టింది. “గాని నా కొడుకు పండుకున్నది గీ గోడ పొంటినే. నీ ఇటుకలే వాన్ని తిన్నయని వారం సంది నాకు కన్ను మూతపడ్తలేదు. ఆ పిల్ల అడిగిననాడు చెప్తే నీ నోటి ముత్యాలు రాలుతుండెనా?”

ఆగయ్య గడప మీద కూలబడి ఏడ్చాడు. సిగ్గుతో ఏడ్చాడు. చిన్నవ్వ ఓదార్చలేదు, పొమ్మనీ అనలేదు. కాసేపటికి అతనే కళ్లు తుడుచుకుని లేచి కిటికీ దగ్గరికి పోయాడు.

“కిటికీ పక్కపొంటి పచ్చియి పెడ్తే కొట్టిన మొల నిలవది, చౌకట్టు ఊడుతది. గందుకే ఈడ మట్టుకు మంచియే పెట్టిన. ఇవి గూడ వాగు దిక్కే ఉన్నయి.”

ఫోను చేస్తే ప్రణీత మధ్యాహ్నానికల్లా కోరుట్ల నుంచి వచ్చింది. జనమూ వచ్చారు. అందరి ముందూ ఆగయ్య మొదటి నుంచి చెప్పాడు. “చెట్టే ఎక్కలేదనుకుంటిమి, బట్టీకి మంట గూడ ఎక్కలేదా?” అని ఒకడు ఎకసెక్కమాడాడు. ఈసారి ఆగయ్య నవ్వలేదు. సుత్తీ ఉలీ తనే పట్టి కిటికీ పక్క నుంచి రెండు ఇటుకలు సుతారంగా తీశాడు. ఒకదానితో ఒకటి కొడితే ఖంగుమన్నాయి. ప్రణీత వాటిని వెలుతురు తగలకుండా నల్ల సంచిలో చుట్టి, పుస్తకంలో పాత మాట కొట్టేసి ‘వెనక గోడ కాలలేదు’ అని రాసుకుంది. మీటింగులో ఈ ఇల్లు ఇంకా తేలలేదని చెబుతానంది.

మళ్లీ రెండు నెలలకు తేలింది. వాగు వైపు ఎక్కువ, లోపలికి పోయినకొద్దీ తక్కువ. వచ్చింది వాగు నుంచే.

“నా కొడుకును గదే తీసుకపోయిందా?” అడిగింది చిన్నవ్వ.

“ఆయన పండుకున్న కాడ, తగలకూడనంత తగిలింది. గంతవరకు రాసియ్యగల్గుత పెద్దమ్మా. జబ్బు దానితోనే అచ్చిందని ఇటుక చెప్పది.”

ప్రణీత ఆ కాగితాలు పట్టుకుని జగిత్యాల ఆఫీసుకు పోయింది.

మరునాడు ఆగయ్య కిటికీ పక్క సందు పూడ్చడానికి వచ్చాడు. జగిత్యాల తోవలోని బట్టీలో పూటంతా ఏరి తెచ్చిన ఇటుకలు ఆరు. తాపీ అందుకోబోతుంటే చిన్నవ్వ వచ్చి వాటి ముందు కూర్చుంది. రెండేసి తీసుకుని తన చెవి దగ్గర కొట్టి చూడడం మొదలుపెట్టింది. నాలుగో దాని దగ్గర ఆగింది.

“గిది వద్దు, అన్నా.”

ఆగయ్య దాన్ని తీసుకుని కొట్టి చూశాడు. ఖంగుమంది. అయినా ఆమె మాటకే దాన్ని పక్కన పెట్టి ఇంకోటి ఆమె చేతికిచ్చాడు.