మా బావ నాకిన ఆర్కిడ్ బంక

రాజాంలో మా అక్క పెంచుతున్న ఆర్కిడ్ మొక్క మొదటిసారి మొగ్గలు వేసింది. ఈ రోజు ఆ మొగ్గల కింద జిగట బొట్లు కనిపించాయి. మామిడితోట ఉన్న మా బావ అది మామిడి పూతకి పట్టే తేనెమంచు పురుగు పనేనని తేల్చేసి, తోటలో కొట్టే మందు కలపడం మొదలుపెట్టాడు. మొగ్గలు మాడిపోతాయని అక్క ఏడుపు గొంతుతో నాకు ఫోన్ చేసింది.

వెళ్లి ఆకులు తిరగేసి చూశాను. ఒక్క పురుగు లేదు. మా ఇంట్లో ఆర్కిడ్‌కూ ఈ బొట్లు వస్తాయి, మొక్క మాత్రం నిక్షేపంగా ఉంటుంది. ఒక బొట్టు వేలితో తీసి నాకాను.

"తెగులు కాదు బావా, మొక్క కార్చిన తీపి బంక. నువ్వూ నాకి సూడు."

బావ అనుమానంగానే నాకాడు. "ఒరే, తియ్యగానే ఉన్నాదిరా!" అని మందు డబ్బాకి మూత పెట్టేశాడు.

అక్కడితో ఊరుకుంటే నేను బావమరిదినెందుకవుతాను? "అక్కా, దీనికి నువ్వు మందేటీ కొట్నేదు గదా?" అన్నాను.

ఆ మొక్కకి ఏ మందూ కొట్టని మా అక్క, మొగుడి వైపు తాపీగా చూసి, "పొద్దున్నే కొట్టేసినాను," అంది.

బావ కుళాయి దగ్గరికి పరుగెత్తాడు. ఇంకా పుక్కిలిస్తూనే ఉన్నాడు. నిజం చెప్పేయమంటారా, ఇంకో బిందెడు నీళ్లు ఖర్చవనిమ్మంటారా?